అనుమానం వస్తే పాయింటు అవతలివాళ్ళదే

మన జిల్లా కేంద్రాల్లో చాలాచోట్ల ఒక టెన్నిస్ కోర్టు ఉంటుంది. ఆఫీసర్స్ క్లబ్బులోనో, టౌన్ క్లబ్బులోనో, స్టేడియం ఓ మూలనో. తెల్లవారుజామున అయిదున్నరకే అక్కడ సందడి మొదలవుతుంది. ఆసుపత్రికి వెళ్ళాల్సిన డాక్టరు, బ్యాంకు మేనేజరు, రిటైరైన లెక్చరరు, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు కలిసి డబుల్స్ ఆడతారు. ఏడున్నర కల్లా ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిపోతారు. మర్నాడు మళ్ళీ ఆ నలుగురే కలవాలి.

ఆ ఆటకు అంపైరుండడు. వింబుల్డన్‌లో 2025 నుంచి లైన్ జడ్జీలను కూడా తీసేసి, బంతి ఎక్కడ పడిందో కెమెరాలతోనే తేలుస్తున్నారు. మన క్లబ్బులో ఆ కెమెరాలూ లేవు, జడ్జీలూ లేరు. నెట్టుకు మీ వైపు పడిన ప్రతి బంతికీ తీర్పు మీదే. బంతి లోపల పడితే నష్టపోయేది మీరు. లోపల పడిందో బయట పడిందో తేల్చేదీ మీరే. మనిషి మీద ఇంత నమ్మకం పెట్టే చోట్లు ఎక్కువ ఉండవు. టెన్నిస్ క్లబ్బులో మర్యాద అంటే ఆ నమ్మకాన్ని ప్రతి ఉదయం నిలబెట్టుకోవడం.

ఈ అధ్యాయంలో చెప్పేదంతా ఒక్క సూత్రంలో ఇమిడిపోతుంది: అనుమానం వస్తే పాయింటు అవతలివాళ్ళది. గీత దగ్గర మొదలయ్యే ఈ సూత్రం కోర్టు టైముకీ, పార్ట్‌నర్‌కీ, కోర్టును సిద్ధం చేసే మార్కర్‌కీ, నిన్న చేరిన కొత్తవాళ్ళకీ వర్తిస్తుంది.

గీత దగ్గర

క్లబ్బుల్లో గొడవలు చాలావరకు నియమం సరిగ్గా తెలియక వస్తాయి. అంపైరు లేని ఆటలో అందరూ పాటించాల్సినవి ఇవి.

1. బంతి గీతను ఏమాత్రం తాకినా లోపల పడినట్టే. సగానికి పైగా బయట పడింది కదా అనే లెక్క టెన్నిస్‌లో లేదు.

2. మీ వైపు పడిన బంతికి కాల్ మీరు చెప్పాలి, అవతల పడినదానికి వాళ్ళు చెప్పాలి. కోర్టు పొడవు 23.77 మీటర్లు. ఈ చివర నిలబడి ఆ చివర బేస్‌లైన్ మీద పడిన బంతి గురించి ఖాయంగా చెప్పడం ఎవరి కంటికీ సాధ్యం కాదు. "నాకిక్కడి నుంచి క్లియర్‌గా కనిపించింది" అని వాదించకండి.

3. గీతకూ బంతికీ మధ్య నేల కనిపిస్తేనే ఔట్ అనండి. కనిపించకపోతే అది లోపలే.

4. కాల్ వెంటనే చెప్పాలి. బంతిని తిరిగి కొట్టి, అది నెట్టుకు తగిలాక "అసలు అది ఔట్ కదా" అనడం తప్పు.

5. "నేను సరిగ్గా చూడలేదు, పాయింటు మళ్ళీ ఆడదాం" అనేది చాలామందికి పెద్దమనిషి మాటలా వినిపిస్తుంది. నిజానికి అది అవతలివాళ్ళ పాయింటును సగం లాక్కోవడమే. చూడలేదంటే ఔట్ అని మీకు తెలియదన్నమాట. తెలియనప్పుడు పాయింటు వాళ్ళది.

6. డబుల్స్‌లో మీరు ఔట్ అన్నారు, మీ పార్ట్‌నర్ ఇన్ అన్నాడు. ఇద్దరి మధ్య తేడా వచ్చిందంటేనే అనుమానం ఉన్నట్టు. పాయింటు ఇచ్చేయండి. గీతకు అడ్డంగా చూసేవాడికంటే గీత వెంబడి చూసేవాడికి బంతి బాగా కనిపిస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. సర్వీస్ తీసుకుంటున్నవాడికంటే, సర్వీస్ లైన్ దగ్గర నిలబడ్డ పార్ట్‌నర్‌కి ఆ గీత మీద పడిన బంతి స్పష్టంగా తెలుస్తుంది. ఆ కాల్ అతనికి వదిలేయండి.

7. మట్టి కోర్టులో బంతి మచ్చ పడుతుంది. ఔట్ అన్నవాళ్ళు ఆ మచ్చ చూపించగలగాలి. అవతలివాళ్ళు అడగకముందే కాలితో చెరిపేశారంటే కాల్ వదులుకున్నట్టే.

8. మీకు మాత్రమే తెలిసే తప్పులు మీరే చెప్పాలి. రాకెట్ నెట్టును తాకింది, బంతి మీ చొక్కాకు తగిలింది, రెండోసారి నేలను తాకాక అందుకున్నారు. అవతలివాళ్ళు చూడకపోవచ్చు. మీకు తెలుసు కాబట్టి అక్కడితో పాయింటు అయిపోయింది.

చూసేవాళ్ళను మాత్రం ఎప్పుడూ తీర్పు అడగొద్దు. బెంచీ మీద టీ తాగుతున్న మనిషిని "ఏం సార్, మీరు చెప్పండి" అని లాగితే, ఆయనకు ఇద్దరిలో ఒకరితో మాట పట్టింపు తెచ్చిపెట్టినవాళ్ళవుతారు.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో చూడండి. స్కోరు డ్యూస్. అవతలి కుర్రాడు బలంగా కొట్టిన ఫోర్‌హ్యాండ్ మీ బేస్‌లైన్ దగ్గర పడింది. మీ నోటి నుంచి "ఔట్" వచ్చేసింది. తిరిగి చూస్తే సున్నపు గీత అంచు చెదిరి, దాని మీద గుండ్రని మచ్చలో కొంత భాగం కనిపిస్తోంది. కుర్రాడు ఏమీ అనలేదు, మీరు పెద్దవారు కదా. అప్పుడు మీరు రాకెట్‌తో ఆ మచ్చ చూపించి, "తొందరపడ్డాను బాబూ, గీత మీదే పడింది. పాయింటు నీది. అడ్వాంటేజ్ మీకు" అనాలి. ఆ మాటలు చెప్పడానికి క్షణం చాలు. ఆ తర్వాత ఆ కుర్రాడు తన వైపు పడే బంతులన్నిటికీ అంతే నిజాయితీగా కాల్ చెబుతాడు. క్లబ్బులో న్యాయం నోటీసు బోర్డుతో రాదు, ఇలా ఒకరిని చూసి ఒకరికి అలవాటవుతుంది.

పెద్ద ఆటల్లోనూ ఇలా చేసినవాళ్ళున్నారు. 2005లో రోమ్ టోర్నమెంటులో అమెరికా ఆటగాడు ఆండీ రాడిక్, స్పెయిన్‌కు చెందిన ఫెర్నాండో వెర్దాస్కోతో ఆడుతూ మ్యాచ్ పాయింట్ దాకా వచ్చాడు. వెర్దాస్కో రెండో సర్వీస్ ఔట్ అని లైన్ జడ్జీ అరిచాడు. అక్కడితో రాడిక్ గెలిచినట్టే. కానీ ఆయన మట్టి మీద మచ్చ చూసి, బంతి లోపలే పడిందని అంపైరుకు చెప్పాడు. పాయింటు వెర్దాస్కోకు వెళ్ళింది, చివరికి మ్యాచ్ కూడా వెర్దాస్కోదే అయింది. ప్రైజ్ మనీ, ర్యాంకింగ్ పాయింట్లు పణంగా ఉన్న చోట ఒక మనిషి ఆ పని చేయగలిగాడు. పొద్దుటి డబుల్స్‌లో మనకు పోయేది ఒక్క పాయింటు.

స్కోరు, మాట, గొంతు

సర్వీస్ చేసేవాళ్ళు ప్రతి పాయింటుకు ముందు స్కోరు అందరికీ వినబడేలా చెప్పాలి. ఈ చిన్న అలవాటుతో గొడవలు చాలా తగ్గిపోతాయి. అయినా తేడా వస్తే, నలుగురికీ గుర్తున్న పాయింట్లను లెక్కపెట్టండి. అదీ కుదరకపోతే అందరూ ఒప్పుకున్న చివరి స్కోరు దగ్గర్నుంచి ఆడండి.

అవతలివాళ్ళు సర్వీస్ అందుకోవడానికి సిద్ధంగా ఉన్నారో లేదో చూసి కొట్టండి. పాయింటుకీ పాయింటుకీ మధ్య 25 సెకన్లు, వైపులు మారేటప్పుడు 90 సెకన్లు ఇస్తాయి నియమాలు. క్లబ్బులో ఎవరూ గడియారం పట్టుకోరు గానీ, వైపులు మారిన ప్రతిసారీ ఫోన్ తీసి మెసేజ్‌లు చూస్తుంటే మిగతా ముగ్గురూ మీకోసం నిలబడాల్సి వస్తుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వేయండి. డ్యూటీలో ఉన్న డాక్టరైతే ఆ సంగతి ఆట మొదలుపెట్టే ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు.

అవతలివాళ్ళు డబుల్ ఫాల్ట్ చేస్తే చప్పట్లు కొట్టొద్దు. మంచి షాట్ కొడితే మాత్రం "గుడ్ షాట్ సార్" అని మనసారా అనండి.

పార్ట్‌నర్

డబుల్స్‌లో మీ పార్ట్‌నర్ తేలికైన వాలీని నెట్టులో కొట్టాడు. ఆ క్షణంలో మీ ముఖం ఎలా ఉందో అతను తప్పకుండా చూస్తాడు. మీరు తల పట్టుకున్నా, ఆకాశంలోకి చూసినా, రాకెట్‌తో తొడ మీద కొట్టుకున్నా ఆ తర్వాతి వాలీకి అతని చెయ్యి బిగుసుకుపోతుంది. "పర్లేదన్నా, మంచి ట్రై" అని ముందుకు నడవండి. పాయింట్ల మధ్యలో కోచింగ్ వద్దు. "అక్కడ నిలబడు, ఇలా కొట్టు" అని సెట్టంతా చెబుతుంటే, తెలిసిన ఆట కూడా మర్చిపోతారు. చెప్పాల్సింది నిజంగా ఉంటే, ఆట అయ్యాక ఇద్దరే ఉన్నప్పుడు, అదీ ఆయన అడిగితే చెప్పండి.

అవతలి జట్టులో ఒకరు బలహీనంగా ఆడుతున్నప్పుడు ప్రతి బంతీ ఆయన మీదకే కొట్టడం టోర్నమెంటులో వ్యూహం. ఆదివారం పొద్దున కాలక్షేపానికి ఆడే ఆటలో అలా చేస్తే ఆయనకు ఆట మీద విరక్తి పుడుతుంది, రెండోవాళ్ళకు ఆడిన తృప్తి ఉండదు. నెట్టు దగ్గర నిలబడ్డ పెద్దవాళ్ళ ఒంటి మీదకు స్మాష్ కొట్టడం అసలే పనికిరాదు. ఖాళీ చోటు చూసి కొట్టండి.

నాకింగ్ టైములో కూడా ఇదే పద్ధతి. అయిదు నిమిషాల వార్మప్ అవతలివాళ్ళ చెయ్యి వేడెక్కడానికి. బంతి వాళ్ళకు అందేలా వేయండి. విన్నర్లు ఆటలో కొట్టుకోవచ్చు.

కోర్టు అందరిదీ

డబుల్స్‌కు నలుగురు కావాలి. ఒక్కరు పావుగంట ఆలస్యంగా వస్తే ముగ్గురి ఉదయం పాడవుతుంది. రాలేకపోతే ముందు రోజు రాత్రే చెప్పండి, ఇంకొకరిని పిలుచుకుంటారు.

బయట నలుగురు ఎదురుచూస్తుంటే ఒక్క సెట్ ఆడి దిగిపోవాలి. స్కోరు ఆరు-ఆరు అయితే టైబ్రేక్ ఆడి ముగించండి. "ఇంకొక్క గేమ్" అనే మాట ఎప్పుడూ ఒక్క గేముతో ఆగదు. గెలిచినవాళ్ళు కోర్టులో ఉండాలా, నలుగురూ దిగాలా అన్నది ప్రతి క్లబ్బుకూ ఒక పద్ధతి ఉంటుంది. కొత్తగా చేరితే మొదటి రోజే అడిగి తెలుసుకోండి. ఎవరి వంతో తేలకపోతే అవతలివాళ్ళను ముందు ఆడనివ్వండి.

డబ్బాలో మూడు బంతులుంటాయి. కొత్త డబ్బా ఎవరు తెరవాలో వంతు పెట్టుకోండి. ఎప్పుడూ ఒకరి బంతులతోనే ఆడి, మీ బ్యాగులో డబ్బా మాత్రం తెరవకుండా ఉంచుకుంటే, నోరు తెరిచి అడగకపోయినా అందరూ గమనిస్తారు.

పాయింటు నడుస్తుండగా కోర్టు వెనక నుంచి నడవకండి. పాయింటు అయ్యేదాకా ఆగి, త్వరగా దాటండి. మన క్లబ్బుల్లో చాలాచోట్ల రెండు కోర్టుల మధ్య అడ్డు ఉండదు కాబట్టి పక్క కోర్టు బంతి దొర్లుకుంటూ వస్తుంటుంది. అది కనబడగానే ఎవరైనా సరే "లెట్" అని గట్టిగా అరవాలి. పాయింటు పోతుందని ఊరుకుంటే, దాని మీద కాలు పడి ఎవరి మడమో మెలిక పడుతుంది. పక్కవాళ్ళ బంతి తిరిగి ఇచ్చేటప్పుడు వాళ్ళ పాయింటు అయ్యేదాకా ఆగి, సర్వీస్ చేసే మనిషికి అందేలా ఒక బౌన్సుతో వేయండి.

మట్టి కోర్టు మీదకు టెన్నిస్ బూట్లతోనే రావాలి. వాన పడ్డాక ఆరకముందే దిగితే అడుగుల గుంటలు పడి, ఎండకు అలాగే గట్టిపడతాయి. ఆ గుంటల్లో తగిలి బంతి వారం రోజులు అడ్డదిడ్డంగా లేస్తుంది. ఆడొచ్చా లేదా అన్నది మార్కర్ చెప్పాలి, ఆయన వద్దంటే వద్దు. ఆట అయ్యాక కోర్టు మీద బ్రష్ లాగే అలవాటుంటే మీ వంతు మీరు లాగండి.

మార్కర్

మీరు అయిదున్నరకు వచ్చేసరికి కోర్టు సిద్ధంగా ఉంటుంది. దాని వెనక ఒక మనిషి పని ఉంది. నీళ్ళు చల్లి, రోలర్ లాగి, ఊడ్చి, తాడు పట్టి సున్నంతో గీతలు వేసి, నెట్టు బిగిస్తాడు. నెట్టు మధ్యలో మూడడుగులు, అంటే 0.914 మీటర్లు ఉండాలి. ఆయన టేపు వెతుక్కోడు. ఒక రాకెట్‌ను నిలువుగా నిలబెట్టి, దాని మీద రెండో రాకెట్ తలను అడ్డంగా ఆనించి చూసి, మధ్యలో పట్టీని ఒక మెట్టు బిగిస్తాడు. 27 అంగుళాల రాకెట్, మీద తొమ్మిదంగుళాల తల, కలిపి 36.

నలుగురిలో ఒకరు రాకపోతే నాలుగోవాడిగా దిగేదీ ఆయనే. చాలా క్లబ్బుల్లో అందరికంటే బాగా ఆడేది కూడా మార్కరే. మెంబరుకు అందేలా, మెంబరు అలసిపోకుండా, మెంబరు బాగా ఆడినట్టు అనిపించేలా బంతి వేయడం ఎంత కష్టమో ప్రయత్నిస్తేనే తెలుస్తుంది.

ఆయన్ని పేరుతోనో, వయసును బట్టి అన్నా అనో పిలవండి. "ఒరేయ్", "ఏయ్" వద్దు. ఆయన కాల్ మీకు వ్యతిరేకంగా వచ్చినప్పుడు, ఇంకే మెంబరు చెప్పినా ఎలా ఒప్పుకుంటారో అలాగే ఒప్పుకోండి. ఆయనకు ఎదురు చెప్పే వీలు తక్కువ కాబట్టి, ఇక్కడ మీ నిజాయితీ ఇంకా ఎక్కువ ఉండాలి. ప్రత్యేకంగా ప్రాక్టీస్ చేయించుకుంటే ఆ డబ్బు ఆ రోజే ఇచ్చేయండి, నెలాఖరు దాకా ఆయన చేత అడిగించుకోవద్దు. పాత బూట్లు ఇచ్చి అదే సాయం అనుకోకుండా, జీతం పెంచే మాట కమిటీ మీటింగులో మీరే ఎత్తండి.

బంతులు మీరే ఏరుకోండి. బడి ఈడు పిల్లలను ఆ పనికి పెట్టుకోవద్దు. 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం చట్టం ఒప్పుకోని పని. ఆ పిల్లవాడికి ఆట మీద మక్కువ ఉంటే చేతికి రాకెట్ ఇచ్చి కోర్టులోకి పిలవండి.

హోదా గేటు బయటే

మన ఊళ్ళ క్లబ్బుల్లో అన్నిటికంటే కష్టమైన విషయం ఇది. అవతల కలెక్టరు గారో, ఎస్పీ గారో ఆడుతుంటే చాలామంది కళ్ళకు గీత కాస్త జరిగిపోతుంది. సార్ కొట్టిన బంతి అరడుగు బయట పడినా "లోపలే సార్, సూపర్ షాట్" అంటారు. దీన్ని గౌరవం అనుకుంటారు గానీ, పక్కన ఆడే తన పార్ట్‌నర్ పాయింటును ఇంకొకరికి దానం చేయడమే ఇది. అనుమానం వస్తే అవతలివాళ్ళకు ఇవ్వాలి. అనుమానమే లేనప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. "ఔట్ సార్" అని మర్యాదగా, మామూలు గొంతుతో చెప్పండి. సంజాయిషీ అక్కర్లేదు.

మీరే ఆ పెద్ద ఆఫీసరైతే బాధ్యత ఇంకా ఎక్కువ. మొదటి రోజే "ఇక్కడ నాకు ఎక్స్‌ట్రా పాయింట్లు వద్దండీ, ఔటయితే ఔటనే చెప్పండి" అని నోరు తెరిచి చెప్పండి. మీ బంతి బయట పడిందని మీకే తెలిసినప్పుడు, వాళ్ళు ఇన్ అన్నా వద్దని పాయింటు వదిలేయండి. ఒకటి రెండుసార్లు అలా చేస్తే అందరికీ ధైర్యం వస్తుంది. బదిలీలు, సిఫార్సులు, ఫైళ్ళ మాటలు కోర్టులోకి తేకండి, తెచ్చినవాళ్ళను ఆఫీసుకు రమ్మనండి.

కొత్తవాళ్ళు, ఆడపిల్లలు

సానియా మీర్జా ఆరేళ్ళ వయసులో హైదరాబాద్‌లో రాకెట్ పట్టుకుంది. 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆరేళ్ళ పిల్లకు ఎవరో ఒకరు కోర్టులో చోటిస్తేనే ఆట మొదలవుతుంది. మీ క్లబ్బులో సాయంత్రం అయిదు నుంచి ఆరు వరకు పిల్లల టైమని బోర్డు మీద ఉంటే, పెద్దలు ఆ గంట వాళ్ళకే వదలాలి. ఆడపిల్లలు ప్రాక్టీస్ చేస్తుంటే గట్టు మీద కూర్చుని వ్యాఖ్యానాలు, అడగని సలహాలు, ఫోన్లో వీడియోలు వద్దు. వాళ్ళు అక్కడికి వచ్చింది ఆడటానికి.

పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులకూ ఒక మాట. మ్యాచ్ జరుగుతుండగా కంచె బయట నుంచి "అది ఇన్ రా, ఒప్పుకోకు" అని అరవకండి. మీ అబ్బాయి కాల్ తప్పయితే, ఇంటికెళ్ళాక "ఆ ఒక్క పాయింటు ఇచ్చెయ్యాల్సింది నాన్నా" అనండి. గెలిచిన రోజు కూడా ఆ మాట చెప్పగలిగితే, ఏ కోచింగ్‌లోనూ దొరకనిది వాడికి ఇచ్చినవారవుతారు.

కొత్త మెంబరు వస్తే నెలకోసారైనా మీరే పిలిచి ఒక సెట్ ఆడండి. మీ స్థాయికి తక్కువైనా సరే. మిమ్మల్నీ ఒకప్పుడు ఎవరో అలా పిలిచే ఉంటారు.

కోపం వచ్చినప్పుడు

2020 యూఎస్ ఓపెన్‌లో ప్రపంచ నంబర్ వన్ జొకోవిచ్ ఒక గేము పోయాక చిరాకుగా బంతిని వెనక్కి కొట్టాడు. అది లైన్ జడ్జీ గొంతుకు తగిలింది. ఆయన కావాలని చేయలేదు. అయినా నియమం ప్రకారం ఆ మ్యాచ్ నుంచి తప్పించి, ఆయన్ని టోర్నమెంటు నుంచి పంపించేశారు. పాయింటు అయ్యాక బంతిని కోపంగా కొడితే అది ఎవరికి తగులుతుందో మన చేతిలో ఉండదు. మన క్లబ్బుల్లోనైతే పక్కనే పెద్దలు వాకింగ్ చేస్తుంటారు, పిల్లలు తిరుగుతుంటారు.

రఫెల్ నాదల్ 22 గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు గెలిచాడు. ఆ ప్రయాణంలో ఆయన కోపంతో ఒక్క రాకెట్ కూడా విరగ్గొట్టలేదని ప్రసిద్ధి. ఆయన ఫౌండేషన్, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ కలిసి 2010 నుంచి అనంతపురంలో పేద పిల్లలకు చదువుతో పాటు టెన్నిస్ నేర్పిస్తున్నాయి. రాకెట్ ఖరీదెంతో, అది చేతిలో లేని పిల్లలు ఎంతమందో తెలిసినవాళ్ళకు దాన్ని నేలకేసి కొట్టాలనిపించదు.

కోపం వస్తే చేయాల్సింది చిన్న పని. రాకెట్‌ను రెండో చేతిలోకి మార్చుకోండి, వెనక కంచె దాకా నడవండి, తీగలు సర్దుకోండి, తిరిగి రండి. 25 సెకన్లు దానికి సరిపోతాయి.

అవతలివాళ్ళే అన్యాయం చేస్తుంటే

ఇది తప్పకుండా ఎదురవుతుంది. ఒకసారి "ఖాయమేనా అండీ?" అని అడగండి. అవునంటే ఒప్పుకుని ముందుకు వెళ్ళండి. ప్రతీకారంగా మీ వైపు లోపల పడిన బంతిని ఔట్ అనకండి. అలా అన్న క్షణం నుంచి కోర్టులో నమ్మదగిన మనిషి ఒక్కరూ మిగలరు. పదేపదే జరిగితే ఆట అయ్యాక పక్కకు పిలిచి చెప్పండి, అప్పటికీ మారకపోతే వాళ్ళతో ఆడటం మానుకోండి. క్లబ్బు మ్యాచుల్లో అయితే సెక్రటరీకి చెప్పండి. క్యాంటీన్లో నలుగురి ముందు ఆ పేరు ఎత్తొద్దు. కళ్ళు మసకబారుతున్న పెద్దవాళ్ళ కాల్స్ తప్పడానికి కారణం దురుద్దేశం కాకపోవచ్చు. ఇక్కడ కూడా అనుమానం వాళ్ళకే ఇవ్వండి.

ఈ వారం నుంచి

సోమవారం: ప్రతి సర్వీసుకు ముందు స్కోరు గట్టిగా చెప్పండి.

మంగళవారం: పూర్తిగా కనిపించని ప్రతి బంతినీ ఇన్ అనండి. చివర్లో ఎన్ని పాయింట్లు ఇచ్చారో గుర్తుచేసుకోండి. అనుకున్నదానికంటే తక్కువే ఉంటాయి.

బుధవారం: పార్ట్‌నర్‌తో ఆటలో ప్రోత్సాహం తప్ప ఇంకేమీ మాట్లాడకండి.

గురువారం: వచ్చేటప్పుడు కొత్త బంతుల డబ్బా తెచ్చి మీరే తెరవండి.

శుక్రవారం: పావుగంట ముందు వెళ్ళి మార్కర్‌తో కలిసి నెట్టు కట్టండి.

శనివారం: ఒక కొత్త మెంబరును మీ సెట్టులోకి పిలవండి.

ఆదివారం: ఓడినా గెలిచినా నెట్టు దగ్గరకు మీరే ముందు వెళ్ళి చెయ్యి కలపండి.

ప్రతి క్లబ్బులోనూ నాలుగోవాళ్ళు తక్కువైనప్పుడు అందరూ మొదట ఫోన్ చేసే మనిషి ఒకరుంటారు. ఆయన క్లబ్బు ఛాంపియన్ కాకపోవచ్చు, సర్వీస్ కూడా మామూలుగానే ఉండొచ్చు. ఆయన ఔట్ అంటే ఎవరూ రెండోసారి గీత వైపు చూడరు, ఆయనతో ఆడితే ఓడినా ఉదయం బాగుంటుంది. అలాంటి పేరు రావడానికి ప్రతిభ అక్కర్లేదు, ఖర్చు లేదు, వయసు అడ్డు కాదు. రేపు పొద్దున మీ వైపు గీత దగ్గర పడే మొదటి అనుమానపు బంతితోనే మొదలుపెట్టండి.